నీళ్లలో గేదెకు అడ్వాన్సు

మా మేనల్లుడు కుక్కర్ గ్యాస్కెట్ కొంటుంటే చూడాలి. నూట ముప్ఫై రూపాయల రబ్బరు చుట్ట. దానికోసం ఫోన్లో మూడు వందల మంది రాసిన అభిప్రాయాలు చదువుతాడు. అయిదు చుక్కలవి ముట్టుకోడు. "అవన్నీ పెయిడ్ మావయ్యా, నిజం ఒక్క చుక్క దగ్గరుంటుంది" అని నాకు లోకజ్ఞానం బోధిస్తాడు. ఎవరో మహాతల్లి రెండో విజిల్‌కే ఆవిరి పోతోందని రాసిందంటే సరి, పప్పు ఉడక్క మా అక్కయ్య వారం రోజులు అల్లాడినా ఆ గ్యాస్కెట్ ఇంట్లోకి రాదు.

ఇంతటి వివేకీ వీడియో గేమ్‌కు అయిదు వేలు పోసేటప్పుడు మాత్రం ఒక్కరి అభిప్రాయం కోసం కూడా ఆగడు. అసలు అభిప్రాయం చెప్పడానికి గేమ్ ఇంకా పుడితేగా! ట్రైలర్ పుట్టింది. రెండున్నర నిమిషాల ట్రైలర్, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 'ఇది అసలు ఆటలోని దృశ్యం కాదు' అన్న సత్యవాక్కు. మావాడు ఆ రాత్రే డబ్బు కట్టేశాడు. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగానికి ఉయ్యాల మాత్రం డీలక్స్ ఎడిషన్‌లో బుక్కయిపోయింది.

"ఒరేయ్, రిలీజయ్యాక మూడు రోజులు ఆగితే రివ్యూలొస్తాయి కదరా."

"అప్పటికి బోనస్ పోతుంది మావయ్యా."

బోనస్ ఏమిటని ఆరా తీశాను. ఆటలో హీరో పట్టుకునే తుపాకీకి బంగారు రంగు. రంగే. తూటా ఒక్కటి ఎక్కువ రాదు.

ప్రీ-ఆర్డర్ అనే ఈ ఆచారానికి ఒకప్పుడు అర్థముండేది. ఆట డిస్కు మీద వచ్చేది, కొట్టువాడు పాతిక డిస్కులు తెప్పించేవాడు, ఇరవై ఆరోవాడు ఉసూరుమంటూ ఇంటికెళ్లేవాడు. ఇప్పుడు ఆట సర్వర్లో ఉంది. కోటి మంది తోడుకున్నా చెంబెడు తగ్గని బావి అది. అలాంటి బావి దగ్గర తెల్లవారుజామునే బిందెలు వరసపెట్టి, ఆ వరసలో చోటుకి డబ్బు కట్టే జాతి భూమ్మీద మరొకటి లేదు.

ఈ బిందెల వరస ఎంత పొడుగుంటుందో 2020లో పోలండ్‌వాళ్లు కొలిచి చూపించారు. సీడీ ప్రాజెక్ట్ రెడ్ అనే కంపెనీ 'సైబర్‌పంక్ 2077'ను 2012లో ప్రకటించింది. 2019 జూన్‌లో హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్‌ను స్టేజీ ఎక్కించి, 2020 ఏప్రిల్ 16న విడుదలని ముహూర్తం పెట్టింది. ఏప్రిల్ కాస్తా సెప్టెంబరైంది, సెప్టెంబరు నవంబరైంది. అక్టోబరు 5న 'గోల్డ్ అయింది' అని చాటింపు వేశారు. ఆ వృత్తి భాషలో దానర్థం, ఆట పూర్తయి డిస్కులు అచ్చుకెళ్లినట్టు, ఇక తిరుగులేనట్టు. సరిగ్గా 22 రోజులకి తిరిగింది. డిసెంబరు 10కి మళ్లీ వాయిదా. పెళ్లి ముహూర్తం మూడుసార్లు మార్చితే మనవైపు అవతలివాళ్లు ఇంటికొచ్చి పెళ్లికొడుకు ఆరోగ్యం కనుక్కుంటారు. ఇక్కడ ఎవరూ కనుక్కోలేదు. విడుదలకు ముందే 80 లక్షల కాపీలకు డబ్బు ముట్టింది. అందులో నూటికి 74 డిజిటల్. అంటే అడుగంటని బావి దగ్గరి బిందెలన్నమాట.

రివ్యూలు రాలేదా అంటే, వచ్చాయి. మూడు రోజుల ముందే, డిసెంబరు 7న. నూటికి 90 దాకా మార్కులు! కాకపోతే విమర్శకులకు ఇచ్చినది ఖరీదైన పీసీల మీద నడిచే ఆట. తాము ఆడుతుండగా తీసుకున్న వీడియో చూపించడానికి వీల్లేదు, కంపెనీ ఇచ్చిన క్లిప్పులే వాడుకోవాలి. కోట్ల ఇళ్లలో టీవీ కింద మూలుగుతున్న పాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ పెట్టెల్లో అది ఎలా నడుస్తుందో వాళ్లకు చూపించలేదు. వంటవాడు వియ్యాలవారి గిన్నెలోంచి గరిటెడు రుచి చూపించి, పంక్తిలో వేరే గుండిగలోది వడ్డించినట్టు. పాత కన్సోళ్ల మీద ఆశ్చర్యం కలిగేంత బాగా నడుస్తోందని నవంబరులో కంపెనీ పెద్ద ఒకాయన మదుపర్లకు చెప్పాడు కూడా. ఆశ్చర్యం మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

డిసెంబరు 10న ఆ పెట్టెల్లో మనుషులు చేతులు బారజాపి దిష్టిబొమ్మల్లా నిలబడిపోయారు, గోడలు మైనం ముద్దల్లా కనిపించాయి, ఆట గంటకోసారి కుప్పకూలింది. 14న క్షమాపణ. 17న సోనీ ఏకంగా తన ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి ఆటను తీసేసి, అక్కడ కొన్నవాళ్లకు డబ్బు వాపసిస్తానంది. మళ్లీ ఆరు నెలలకు, 2021 జూన్ 21న గానీ రానివ్వలేదు. జనవరిలో సంస్థాపకుల్లో ఒకాయన కెమెరా ముందు కూచుని మరోసారి మన్నించమన్నాడు. అప్పటికి, ఒక్క 2020లోనే, కోటీ 37 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ లెక్క చేతికిస్తే వారానికోసారి క్షమాపణ చెప్పడానికి నాకూ అభ్యంతరం లేదు.

తర్వాత మరమ్మతులు చేశారు, నిజం ఒప్పుకోవాలి. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 ప్యాచ్‌తో అది మంచి ఆటే అయింది. ఆలోపు సేల్‌లో సగం ధరకే దొరికింది. ముందొచ్చిన చెవులు పూర్తి ధరకు సగం ఆట కొన్నాయి, వెనకొచ్చిన కొమ్ములు సగం ధరకు పూర్తి ఆట కొన్నాయి.

ఇలాంటి తెలివి పోలండ్‌కే పరిమితం కాదు. 2014 నవంబరు 11న యూబీసాఫ్ట్ వారి 'అస్సాసిన్స్ క్రీడ్ యూనిటీ' అమెరికాలో అర్ధరాత్రి అమ్మకానికొచ్చింది. రివ్యూలు మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాటాకే వేసుకోవాలన్నారు. ఆ పన్నెండు గంటల్లో కొన్నవాళ్లలో కొందరికి ఫ్రెంచి విప్లవకాలపు పారిస్‌లో, ముఖం ఊడిపోయి కళ్లూ పళ్లూ మాత్రం గాల్లో వేలాడుతున్న పాత్రలు దర్శనమిచ్చాయి. రివ్యూల మీది ఈ ఆంక్షను ఎంబార్గో అంటారు. అది ఎప్పుడు తీస్తారో చూస్తే చాలు, రివ్యూ చదివినట్టే. 2015లో 'డియస్ ఎక్స్: మ్యాన్‌కైండ్ డివైడెడ్' వాళ్లయితే చిట్‌ఫండే పెట్టారు. ముందుగా కట్టేవాళ్లు ఎంతమంది చేరితే అన్ని బహుమతులు, పైమెట్టుకి చేరితే ఆట నాలుగు రోజులు ముందే ఇస్తారట. జనం తిట్టిపోస్తే ఆ పథకం మడిచేశారు. నాలుగు రోజులు ముందొస్తానన్న ఆట ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది.

"మరి నువ్వు ఫస్ట్ డే ఫస్ట్ షో చూడలేదా మావయ్యా?" అన్నాడు మావాడు. చూశాను. చొక్కా చించుకుని మరీ చూశాను. కానీ ఎంత చెత్త సినిమాలోనైనా హీరో ముఖంతోనే వచ్చేవాడు. ఇంటర్వెల్ తర్వాత బొమ్మ రాకపోతే కుర్చీలు లేచేవి. పైగా హాల్లో ఈలకీ, చింపిన కాగితాలకీ ఇచ్చే డబ్బది, పక్కనున్న మూడొందల మందికి ఇచ్చేది. మావాడు గదిలో ఒంటరిగా, తలుపేసుకుని, డౌన్‌లోడ్ పట్టీ నూటికి 61 దగ్గర ఆగిపోతే దానికేసి చూస్తూ ఈల వేస్తాడా?

రిలీజు రాత్రి రానే వచ్చింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో 2015 జూన్ నుంచి ఒక సౌకర్యముంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, అడిగితే డబ్బు వాపసిస్తారు. మావాడు కొన్నచోటా అలాంటి నియమమే. నచ్చకపోతే తిప్పి పంపేస్తానని ధీమాగా కూచున్నాడు. ముందు హీరోని తయారుచేసుకోవాలట. ముక్కు కాస్త కోసుగా పెట్టాడు, మళ్లీ తగ్గించాడు. మీసానికి నలభై రకాలున్నాయి. కనుబొమ మీద గాటు ఏవైపు ఉండాలన్నదానికి నన్ను సలహా అడిగాడు, ఎడమవైపన్నాను. అదంతా అయ్యేసరికి గంటా యాభై నిమిషాలు. హీరో గుర్రమెక్కాడు, గుర్రం నేలలోకి దిగబడింది, ఆట ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దిగబడింది. మూడోసారికి రెండు గంటలు దాటిపోయాయి. ఇక డబ్బు రాదు. బంగారు తుపాకీ మాత్రం నేలపైన మిలమిలలాడుతూ మిగిలింది.

మర్నాడు సాయంత్రం ఇద్దరం బజారుకెళ్లాం. మావాడు పుచ్చకాయల బండి ముందు గొంతుక్కూచున్నాడు. ఎడంచేతిలో ఫోను, దాన్లో అదే ఆట రెండో భాగానికి స్టాండర్డ్ కొనాలా, అల్టిమేట్ కొనాలా అన్న పట్టిక. కుడిచేత్తో కాయ తర్వాత కాయ తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు.

"ఎర్రగా ఉంటది బాబూ, నాదీ పూచీ" అన్నాడు బండివాడు.

మావాడు ఫోనులో బొటనవేలు నొక్కి, తలెత్తకుండానే అన్నాడు. "పూచీ గీచీ కాదు, ముందు కోసి చూపించు."