గురి కుదర్చే ఓపిక ఏదీ?

రాయదుర్గంలో ఈ అద్దాల మేడలు లేవక ముందు, గుండ్రాళ్ల నడుమ మా జొన్నచేలు ఉన్న రోజుల్లో, మా పెద్దనాయన దగ్గర లైసెన్సున్న పాత రైఫిల్ ఒకటి ఉండేది. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు. మూతిలోంచి మందు పోసి, గుడ్డ చుట్టిన సీసపు గుండును గజంతో దట్టించాలి. దానికి గురి కుదర్చడంలో ఆయన చూపిన ఓపిక ఇప్పుడు ఎవరిలోనూ కనబడదు. నా బాధంతా అదే.

ముందు మందు కొలత తేల్చేవాడు. ఎనభై అడుగుల దూరంలో అట్టముక్క పెట్టి, మూడు దెబ్బలూ ఒక్కచోట పడేదాకా గురి జోలికే పోయేవాడు కాదు. చెదిరితే మందు రవ్వంత తగ్గించడమో, గుడ్డ మందం మార్చడమో చేసేవాడు. దెబ్బదెబ్బకూ తడిగుడ్డతో గొట్టం తుడవాల్సిందే. మసి పేరుకుంటే గుండు సరిగ్గా దిగదు, పోయే దారీ మారుతుంది. దెబ్బలు కుదిరాకే ఆకురాయి బయటికొచ్చేది. గుండు కిందికి పడుతుంటే గొట్టం కొసనున్న గురిమొనను కాస్త అరగదీయాలి. ఎడమకు పోతుంటే ఆ మొననే ఎడమకు జరపాలి. అరిగిన ఇనుము మళ్లీ రాదు కదా, రెండుసార్లు రాకి మళ్లీ కాల్చి చూసేవాడు. ఆ మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుందని, వేడినీళ్లతో గొట్టం కడగనిదే అన్నం ముట్టేవాడు కాదు.

ఇప్పుడు మాల్‌లో తెరమీద పందుల్ని కాల్చి ఇంటికొస్తారు. అందర్నీ అనను. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజిలో చెమటోడ్చే పిల్లలున్నారు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ రైఫిళ్లకు మర తిప్పితే గురి జరుగుతుంది, కానీ చెయ్యి వణక్కుండా నిలబడే సాధన పాతదే.

నా కోపం తుపాకిని గోడకు వేలాడదీసే వాళ్లమీద. ఆమధ్య ఒక విల్లాలో ‘1857 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్’ అని గొప్పగా చూపించారు. చూస్తే గొట్టం లోపల నున్నగా ఉంది! తిరుగుబాటు తర్వాత మన సిపాయిలను నమ్మలేక, పైకి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి లోపల గాళ్లు లేని తుపాకులు బ్రిటిష్‌వాళ్లు చేయించి ఇచ్చారు. గాళ్లు లేకపోతే గుండు గిర్రున తిరగదు, దూరం పోయేకొద్దీ గురి తప్పుతుంది. దొరల భయమంతా ఆ గొట్టంలోనే కనిపిస్తుంటే, ఆ విల్లా యజమాని దానికి వార్నిష్ కొట్టించాడు.

మీ అటక మీద ఇలాంటిది ఉంటే దయచేసి మందు పోసి చూడకండి. ఎప్పటిదో పాత దెబ్బ ఇంకా లోపలే ఉండవచ్చు. పేలగలిగే తుపాకికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికే మినహాయింపు. పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, పని తెలిసినవాడికి చూపించండి. దాన్ని కాల్చిన పెద్దాయన ఇంట్లో ఇంకా ఉంటే, ఎంత మందు పోసేవాడో, ఎలాంటి గుడ్డ చుట్టేవాడో, గురి ఎటు లాగేదో ఇవాళే అడిగి రాసిపెట్టండి.