ముప్పదారు మిల్లి ముడుపు

ఆ. సగము వెలుగు మిగత సగమెలక్ట్రానుగ
పుట్టి జాలకమును పూని తట్టి
ముప్పదారు మిల్లి ముడుపిచ్చి దిగునయా
క్రింద గుంపు చూచి గెంతు జోరు!

ప్రతిపదార్థం: అయా = ఓ పరిశోధక విద్యార్థీ!; సగము వెలుగు = ఒక పాలు పరారుణ కాంతియు; మిగత సగము = తక్కిన పాలు; ఎలక్ట్రానుగ = గాలియం ఆర్సెనైడు పొరలో ఎలక్ట్రాను కింది మెట్టు నుంచి పైమెట్టుకు ఎగిరే ఎగురుగాను (ఎలక్ట్రానే అనుకునేరు, ఎగురు మాత్రమే; గణాలు కుదరక కవి కోసేశాడు); పుట్టి = పోలరిటాన్ అను పేర పుట్టి (ఎక్కడ? రెండు బంగారు పూతల నడుమ, సుమారు 10 మైక్రాన్ల వెలుగు కొట్టుమిట్టాడే ఇరుకు చోట అని అధ్యాహారం); జాలకమును = స్ఫటికపు పరమాణువుల అల్లికను; పూని తట్టి = పట్టుబట్టి కదిలించి; ముప్పదారు మిల్లి = 36 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు; ముడుపు ఇచ్చి = సమర్పించుకుని; దిగును = తక్కువ శక్తి గల స్థితికి జారును; గుంపు చూచి = అక్కడ తనవంటివి ఉన్నచో; గెంతు జోరు = మరింత జోరుగా దూకును.

తాత్పర్యం: పోలరిటాన్ జాలకానికి ఒక కంపనం చెల్లించి కిందికి దిగుతుంది.

విశేషాలు: ముప్పదారు పాదపూరణం కాదు. ఈ స్ఫటికంలో గాలియం ఒకవైపుకు, ఆర్సెనిక్ ఎదురువైపుకు సెకనుకు దాదాపు 9 లక్షల కోట్ల సార్లు ఊగుతాయి. ఆ ఎదురు ఊపులో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. పోలరిటాన్‌లోని ఎలక్ట్రాను పాలు దానికే చిక్కుతుంది. వెలుగు పాలుకు ఈ గొడవ పట్టదు. ఆ ఊపులో ఒక్క కంపనం ధరే ఈ ముప్పదారు; కంపనం ఏ దిక్కున సాగినా ధర ఇంచుమించు ఒకటే కనుక బేరానికి తావు లేదు.

పసంతా నాలుగో పాదంలో ఉంది. పోలరిటాన్లు బోసుగారి బాపతు: కింద పది ఉంటే పైది పదకొండు రెట్ల వేగంతో వచ్చి పడుతుంది. ఈ జాతి పోలరిటాన్లు 2003లో పీసాలో తొలిసారి కనబడ్డాయి. ఆరేళ్లకు, 2009లో, డె లిబెరాతో, చూతి అనే ఇద్దరు ఈ గుణాన్నే పట్టుకుని కొత్తరకం లేజరును ప్రతిపాదించారు. పైమెట్టున కిక్కిరిసి, కిందిమెట్టున పలచబడాలన్న మామూలు లేజరు షరతు దీనికి అక్కర్లేదు. సరే, గుంపు కూడాలిగా? ఒక్కొక్కటి బతికేది పికోసెకను అటూ ఇటూ. కవిగారు గుంపును ముందే కూర్చోబెట్టి పద్యం ఎత్తుకున్నారు. ప్రయోగశాలలో తిప్పలన్నీ ఆ కూర్చోబెట్టడం దగ్గరే.

ఇంకొక సంగతి. గది వేడిమిలో జాలకం ముడుపులు తిరిగి ఇచ్చేస్తుంది కూడా. దిగే అవకాశం నాలుగైతే, అదే కంపనాన్ని మింగి పైకెక్కే అవకాశం ఒకటి. ఇది పద్యంలో లేదు. ఆటవెలదికి ఐదో పాదం లేదు గనుక కవిని తప్పు పట్టరాదు.