ఒక్క నిమిషం సార్, మీ మైకు!

హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో పెద్ద టెక్ సదస్సు జరిగే రోజున హాలు గుమ్మం దగ్గర ఒకాయన కాలు నిలవకుండా తిరుగుతూంటాడు. టీషర్టు మీద కోటు, మెడలో రెండు ఐడీ కార్డులు, చేతిలో మడత నలిగిన కాగితాలు. వక్త కాదు, ఈవెంట్ మేనేజరూ కాదు. సెషన్ హోస్టు. మామూలు రోజుల్లో ఏదో కంపెనీలో సీనియర్ ఇంజనీరు. ఏడాదికోసారి సెలవు పెట్టుకుని వచ్చి, పైసా పుచ్చుకోకుండా ఈ చాకిరీ చేస్తాడు. ప్రతిఫలం ఒక టీషర్టు, ఒక భోజనం కూపను. భోజనానికి వెళ్లే తీరిక ఎలాగూ ఉండదు.

కొత్తగా హోస్టయినవాడు పరిచయ వాక్యాలు బట్టీపట్టి వస్తాడు. పాతకాపు సంచి తెచ్చుకుంటాడు. అందులో ప్రపంచంలోని ప్రతి ల్యాప్‌టాప్‌నీ ప్రతి ప్రొజెక్టరుతో కలిపే ఎడాప్టర్లు, క్లిక్కరుకి బ్యాటరీలు, పిన్నీసులు, గొంతు బిళ్లలు, టేపు ఉంటాయి. ఏఐ మానవజాతిని ఎటు తీసుకుపోతుందో చెప్పడానికి వచ్చిన నిపుణుడు తన ల్యాప్‌టాప్‌కి సరిపడే ఎడాప్టరు తెచ్చుకోడని ఆయన అనుభవం. వాట్సాప్ మూసుకురాడని కూడా. అందుకే స్లైడ్లు తెర మీదకి రాకముందే చెవిలో చెబుతాడు: "సార్, నోటిఫికేషన్లు ఆపండి. 'వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి' అని మీ ఇంటి మెసేజీ వస్తే ఆరువందల మంది చదువుతారు."

కాలర్ మైకు సంగతి వేరే. దాన్ని చేసినవాడు కోటు కాలరును మనసులో పెట్టుకున్నాడు. వచ్చేవాళ్లేమో గుండ్రటి మెడ టీషర్టుల వాళ్లు. చీరలో వచ్చిన మేడమ్‌కైతే మైకు పిన్నీసుతో నిలిచినా, దాని డబ్బా తగిలించడానికి బెల్టూ ఉండదు, జేబూ ఉండదు. హోస్టు గారు దిక్కులు చూసి, చెవికి తగిలించే మైకు కోసం సౌండు కుర్రాడి దగ్గరికి పరుగెడతాడు. తిరిగొచ్చేసరికి ఇంకొకరు ఐడీ కార్డు తియ్యకుండా మాట్లాడేస్తూంటారు. ఆ కార్డు మైకుకి కొట్టుకుని హాలంతా టకటకమంటుంది.

పేర్ల దగ్గర మాత్రం ఆయన నిష్ఠాగరిష్ఠుడు. అమెరికా సదస్సుల్లో తెలుగు వక్తని ఇంటిపేరుతో పిలిస్తే, ఆ పిలుపు తనకేనని సదరు వక్తకి తెలియక అలాగే కూర్చున్న సందర్భాలు ఆయన కథలు కథలుగా చెబుతాడు. అందుకని ప్రతి వక్తనీ ముందే పట్టుకుని, పేరు వాళ్ల నోటనే పలికించి, కాగితం మీద తెలుగులో రాసుకుంటాడు. ఇంత శ్రద్ధగా పేరు రాసుకున్న మనిషి, మైకు చేతికి రాగానే అది చెప్పడం ఆలస్యం చేస్తాడు. ముందు తన కాలేజీ రోజుల కబురు, తర్వాత ట్రాఫిక్ మీద జోకు. "మీకూ వక్తకీ మధ్య నేను అడ్డు రాను" అని మూడుసార్లు అంటాడు, మూడుసార్లూ అడ్డంగానే నిలబడి. ఆయనకున్న లోపం ఇదొక్కటే, కాస్త పెద్దదే.

ప్రత్యక్ష డెమో అంటే ఆయనకి గుండెదడ. కారణం లేకపోలేదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శనలో విండోస్ 98 గొప్ప చూపించడానికి మైక్రోసాఫ్ట్ ఉద్యోగి క్రిస్ కపొసెలా స్కానరు తగిలించగానే తెరంతా నీలంగా మారి కంప్యూటరు చేతులెత్తేసింది. పక్కనే ఉన్న బిల్ గేట్స్, అందుకే కాబోలు దీన్నింకా మార్కెట్లోకి వదల్లేదు అన్నాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. బుర్రకథలో హాస్యపు వంత చేసే పని ఆ రోజు సాక్షాత్తూ యజమానే చేశాడు. 2010 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్‌కీ ఈ గండం తప్పలేదు. ఐఫోన్ 4 లో పేజీ తెరుచుకోలేదు. హాల్లో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని, డెమో చూడాలంటే అవి కట్టెయ్యాలని ఆయన ప్రేక్షకులకే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇదంతా తెలిసిన హోస్టు గారు, "డెమో వీడియో కూడా పెట్టుకోండి సార్" అంటాడు. "నా డెమో ఎప్పుడూ ఫెయిలవలేదండీ" అంటాడు వక్త. హోస్టు గారు చిరునవ్వు నవ్వి, సంచిలోంచి ఒక గొంతు బిళ్ల తీసి తనే వేసుకుంటాడు.

ఆయన తరచూ తలుచుకునే పేరు మైకేల్ బే. 2014 జనవరిలో లాస్‌వేగస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో, వంపు తిరిగిన టీవీ గురించి నాలుగు మాటలు చెప్పడానికి శామ్‌సంగ్ వాళ్లు పిలిచిన హాలీవుడ్ దర్శకుడు. టెలిప్రాంప్టర్ తడబడింది, దాంతో ఆయనా తడబడ్డాడు. వేదిక మీదున్న శామ్‌సంగ్ అధికారి, ఈ వంపు మీకెలా అనిపించిందో చెప్పండంటూ చెయ్యందించాడు. దర్శకుడు క్షమించమని చెప్పి దిగి వెళ్లిపోయాడు. సినిమాల్లో అన్ని పేలుళ్లు పెట్టినవాణ్ణి ఆగిపోయిన అక్షరాలు ఓడించాయి. అధికారి అడిగింది మంచి ప్రశ్నే. కానీ మాట పోయిన మనిషికి అభిప్రాయం అడిగితే ఊపిరాడదు. "ఈ సినిమా ఎక్కడ తీశారు?" లాంటి చిన్న ప్రశ్న కావాలి. మన హోస్టు గారి కాగితాల వెనకవైపు అలాంటివి రెండేసి రాసి ఉంటాయి.

2010లో కాలిఫోర్నియాలో, గోప్యత గురించిన ప్రశ్నలకి మార్క్ జుకర్‌బర్గ్ వేదిక మీద చెమటతో తడిసిపోతూంటే, ఎదుట కూర్చుని ప్రశ్నలు వేస్తున్న పాత్రికేయురాలు కారా స్విషర్ హుడీ విప్పుతారా అని అడిగింది. ఆయన విప్పాడు, ఊపిరి పీల్చుకున్నాడు. ప్రశ్నలు మాత్రం ఆగలేదు. హోస్టు పనికి ఇంతకన్నా మంచి పాఠం ఇంకెక్కడా దొరకదు.

ఇక టైము. టెడ్ ప్రసంగాల వాళ్లు 18 నిమిషాలంటారు. ఐదు నిమిషాల మెరుపు ప్రసంగాలకి పేరుపడ్డ పెర్ల్ ప్రోగ్రామర్ల సదస్సుల్లో గడువు దాటితే జేగంట కొడతారు. మన హోస్టు గారికి ఉన్నవి మూడు అట్టముక్కలు: 10, 5, 1. ఒకటి చూపించగానే వక్త తలాడించి, "ఆఖరి రెండు స్లైడ్లు" అని పందొమ్మిదో స్లైడు మొదలెడతాడు. హోస్టు కుర్చీలోంచి లేస్తాడు. మెట్టెక్కుతాడు. వక్త భుజం దాకా వచ్చి, అందరికన్నా ముందు తనే చప్పట్లు కొట్టేస్తాడు. హాలు అందుకుంటుంది. చప్పట్లలో మాట్లాడగల వక్త ఇంకా పుట్టలేదు.

2018 ఫిబ్రవరిలో అదే హెచ్‌ఐసీసీలో జరిగిన ప్రపంచ ఐటీ మహాసభలో సోఫియా అనే రోబో వేదిక మీద ప్రశ్నలకి జవాబులు చెప్పింది. మంచినీళ్లడగలేదు, చెమటలు పట్టలేదు, ఇంటి నుంచి మెసేజీలు రాలేదు. అలాంటి అతిథి ఏ హోస్టుకైనా కల్లో మాట.

మనుషులున్న చోట ప్రశ్నోత్తరాలు తప్పవు. మైకు అందుకున్న పెద్దమనిషి "ఇది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య" అని మొదలెట్టి తన స్టార్టప్ పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగుతాడు. అందుకే అనుభవమున్న హోస్టు మైకు వాళ్ల చేతికివ్వడు, తనే పట్టుకుంటాడు. ఈసారి అలాంటి హాల్లో మైకు మీ ముందుకొస్తే, ఒక్క వాక్యంలో అడిగి కూర్చోండి. మీ స్టార్టప్ గురించి బయట కాఫీ దగ్గర చెప్పండి. హోస్టు గారు నిలబడి వింటారు, అప్పటికి ఆయన చేతిలో మైకు ఉండదు కాబట్టి.