వెనుకకింక రాదు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

కొత్త రూపు వచ్చె కోరి నొక్కుము నీవు
చార్జి సగము మించ జాగు మాని;
వెనుకకింక రాదు వేచి చూడుము గంట;
ఫోను ముట్టవలదు పూర్తి కాక.

అవతారిక

ఫోను తెర మీద పెద్ద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కబురు మెరిసినప్పుడు దాని వెనక పేజీలకొద్దీ షరతులుంటాయి. వాటిని ఆసాంతం చదివినవారు ఏ పురాణంలోనూ కనబడరు. 'అంగీకరిస్తున్నాను' అన్న మీట మీదికే లోకంలోని బొటనవేళ్ళన్నీ పోతాయి. ఆ షరతుల సారమే పై నాలుగు పాదాలు. పద్యం కొత్తది, రాసినవాడూ వ్యాఖ్యాతా ఒకరే కావడం వల్ల కవిహృదయం పట్టుకోవడంలో కొంత సౌకర్యం ఉంది. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. ఈ టీక ఆ మాటల్లో మొదటిదానికి కట్టుబడుతుంది.

ప్రతిపదార్థము

కొత్త రూపు = పెద్ద అంకె మారిన ఆండ్రాయిడ్ గాని, ఐఓఎస్ గాని; వచ్చె = కంపెనీ సర్వరులో సిద్ధమాయెను (ఫోనులోనికి ఇంకను రాలేదని ఎరుగునది); కోరి = ఇష్టపడి; నొక్కుము = 'ఇన్‌స్టాల్' అను మీటను అదుముము; చార్జి సగము మించ = బ్యాటరీ యాభై శాతము దాటినంతనే; జాగు మాని = 'రేపు గుర్తు చేయి' అను మీటను ఆశ్రయింపక; వెనుకకు = పాత వెర్షనునకు; ఇంక = ఇకమీదట; రాదు = మరలుట కుదరదు; గంట = అరువది నిమిషములు, లక్షణచేత ఎంతసేపైనను; వేచి చూడుము = గీత నిండుటను కనిపెట్టుకొని యుండుము; పూర్తి కాక = పని ముగియక మునుపు; ఫోను = సొంత డబ్బుతో కొన్న ఫోనును; ముట్టవలదు = తాకరాదు.

తాత్పర్యము

నువ్వు నొక్కు. మిగతాది మేం చూసుకుంటాం.

విశేషాలు

నొక్కుము, చూడుము, ముట్టవలదు. మూడు ఆజ్ఞలూ ఫోను కొన్నవాడికే. ఆజ్ఞాపించేవాడెవరో ఏ పాదంలోనూ లేదు. కర్తను దాచి క్రియలన్నీ ఎదుటివాడి నెత్తిన పెట్టడం ఈ పద్యానికి వ్యాకరణం, ఈ వ్యాపారానికి ఆయువుపట్టు.

అందుకే 'కోరి' అన్న చోట పాఠభేదం పుట్టింది. కొన్ని ప్రతుల్లో 'కోరకున్నను నేడు' అని ఉంది. ఛందస్సుకు అదీ సరిపోతుంది. 2018లో ఐఓఎస్ 12 ఆటోమేటిక్ అప్‌డేట్ల సౌకర్యం తెచ్చాక ఈ రెండో పాఠానికి బలం పెరిగింది. కోరినా, ఏం కోరుతున్నామో తెలిసి కోరడం వేరు. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, పాతబడ్డ బ్యాటరీలతో ఐఫోన్ 6 వంటివి ఉన్నట్టుండి ఆరిపోకుండా చూసింది. అందుకోసం ప్రాసెసర్ వేగాన్ని తగ్గించింది కూడా. ఆ సంగతి ఆపిల్ తేటగా ఒప్పుకున్నది డిసెంబరులో. అమెరికాలో దీనిపై పడ్డ దావా 2020లో 50 కోట్ల డాలర్ల దాకా ఇచ్చే రాజీతో ముగిసింది. ఇటలీ ప్రభుత్వ పోటీ నియంత్రణ సంస్థ 2018లో, అప్‌డేట్ల వల్ల ఫోన్లు నెమ్మదించాయని ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 'కోరి' అనే రెండక్షరాలకు ఇంత ఖరీదైన వ్యాఖ్యానం మరొకటి లేదు.

'చార్జి సగము' అన్నది ఐఫోన్ సంప్రదాయం. చార్జరుకు తగిలించకపోతే అది సగం బ్యాటరీ అడుగుతుంది. తక్కిన కంపెనీలకు తలా ఒక హద్దు. వ్యవస్థను రాస్తూ ఉండగా మధ్యలో కరెంటు చాలకపోతే ఫోను సగం పాతదీ సగం కొత్తదీ అయి, ఏదీ కాకుండా పోతుంది. కారణం సమంజసమే. అయితే చార్జి గురించి చెప్పి చోటు గురించి చెప్పకపోవడం కావ్యదోషం. న్యూనపదత్వం అంటారు దీన్ని. 2014లో ఐఓఎస్ 8ను ఫోనులోనే ఎక్కించుకోవాలంటే సుమారు 5.7 జీబీ ఖాళీ కావలసి వచ్చింది. అప్పట్లో 16 జీబీ ఫోన్లు విరివి. పెళ్ళి వీడియో తీసేయాలా, పిల్లవాడి అన్నప్రాశన ఫోటోలు తీసేయాలా అన్న ధర్మసందేహం ఇళ్ళల్లో పుట్టింది. మరుసటి ఏడాది ఐఓఎస్ 9 దిగివచ్చి 1.3 జీబీతో సరిపెట్టుకుంది. అదీ చాలకపోతే కొన్ని యాప్‌లను తానే తాత్కాలికంగా తీసి, పనయ్యాక మళ్ళీ పెడతానంది. వాట్సాప్ శుభోదయం బొమ్మల బరువు ఎంతో ఇలాంటప్పుడే బయటపడుతుంది.

ఆక్షేపం: ఫోను బాగానే పనిచేస్తోంది కదా, జాగు ఎందుకు మానాలి?

సమాధానం: తెలుగువాళ్ళు అడగకూడని ప్రశ్న ఇది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలోని ఐఫోన్లను పడగొట్టింది తెలుగు అక్షరమే, అదీ 'జ్ఞా'. అయితే మామూలుగా 'జ్ఞానం' అని రాసుకున్నవాడికి ఏ ప్రమాదమూ లేదు. జకారం, పొల్లు, ఞకారం, ఆపైన కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, దాని మీద దీర్ఘం. ఈ వరసలో కూర్చిన అక్షరాన్ని గీయబోయి ఐఓఎస్ 11.2.5 తడబడేది. మెసేజిలో వస్తే ఆ యాప్ మూసుకుపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ తెరే కూలేది. తెలుగు ఒక్క ముక్క రాని ఆకతాయిలు కూడా ఆ అక్షరాన్ని ట్విట్టర్‌లో పట్టుకు తిరిగారు. మన వర్ణమాలకు అంతటి అంతర్జాతీయ ప్రచారం ముందెన్నడూ లేదు. బెంగాలీ, దేవనాగరి సంయుక్తాక్షరాల్లో కొన్నింటికీ అదే శక్తి ఉందని తర్వాత తేలింది గాని, పేరు మాత్రం మనకే వచ్చింది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదలై దోషం తీర్చింది. 'రేపు చూద్దాం' అన్నవాళ్ళ ఫోన్లు ఇంకొన్నాళ్ళు జ్ఞానానికి భయపడుతూనే బతికాయి. అదే ఐఫోన్ 2025లో ఐఓఎస్ 18.4తో తెలుగును వ్యవస్థ భాషల్లో చేర్చుకుంది. ఇప్పుడు అప్‌డేట్ కబురు తెలుగులోనే చదవకుండా నొక్కవచ్చు.

'గంట' దగ్గర వ్యాఖ్యాతలు మూడు మతాలుగా చీలారు. ఆచార్యత్రయానికి నమస్కరించి చెప్పాలంటే, పాత ఆండ్రాయిడ్ ఫోన్లది అద్వైతం. వ్యవస్థకు చోటు ఒకటే. అది నడుస్తుండగా దాని మీదే కొత్తది రాయడం కుదరదు కనుక ఫోను రికవరీ అనే లోకానికి వెళ్ళిపోయేది. తిరిగొచ్చేదాకా కాల్ లేదు, కబురు లేదు. 2014 నాటి లాలీపాప్ దీనికి మరో ఘట్టం చేర్చింది. యాప్‌లన్నిటినీ ముందే యంత్రభాషలోకి మార్చాలి కాబట్టి రీస్టార్ట్ తర్వాత ఇన్నింటిలో ఎన్నో యాప్ అంటూ తెర మీద సహస్రనామార్చన నడిచేది. 2016లో ఆండ్రాయిడ్ 7 నూగట్ ద్వైతం స్థాపించింది. ఎ, బి అని రెండు గదులు. యజమాని ఎ గదిలో రీల్స్ చూస్తుండగా బి గదిలో కొత్త వ్యవస్థ సిద్ధమవుతుంది. రీస్టార్ట్ చేస్తే ఫోను బి గదిలో లేస్తుంది. లేవలేకపోతే మళ్ళీ ఎ గదికే వస్తుంది. యాప్‌ల అర్చన కూడా ఆ ఏటితోనే ఆగింది. రెండు గదులకు చోటు దండగని 2020లో ఆండ్రాయిడ్ 11 విశిష్టాద్వైతం ప్రవేశపెట్టింది. దీన్ని వర్చువల్ ఎ/బి అంటారు. రెండోది ఉంది, కాని విడిగా లేదు. మొదటిదాన్ని ఆశ్రయించి, మారినవాటిని మాత్రం పక్కన రాసుకుని, ఫోను లేచాక అందులో లీనమవుతుంది. శాంసంగ్ చాలాకాలం అద్వైతం వదలక, 2024లో గెలాక్సీ ఎ55తో మతం మార్చుకుంది.

మరి రెండు గదులుంటే 'వెనుకకింక రాదు' ఎలా? కొత్త వ్యవస్థ క్షేమంగా లేవనంతవరకే పాత గది తలుపు తెరిచి ఉంటుంది. లేచిందా, అంతే. తిరోగమనాన్ని అడ్డుకునే అంకె ఒకటి ఫోనులోనే భద్రంగా ఉంటుంది, అంతకన్నా పాతదాన్ని అది లేవనివ్వదు. ఆపిల్ పద్ధతి ఇంకా కఠినం. ఏ వెర్షన్ ఎక్కించాలన్నా ఆ క్షణాన ఆపిల్ సర్వరు సంతకం కావాలి. కొన్నాళ్ళకు పాతదానికి సంతకాలు ఆపేస్తారు. ఫైలు మీ దగ్గరే ఉండవచ్చు, ఫోను మీదే కావచ్చు, సంతకం మాత్రం మీది కాదు. పాత వెర్షన్ల లొసుగులు దొంగలందరికీ తెలిసిపోయి ఉంటాయి కనుక ఈ నియమం తప్పదంటారు. అది నిజమే. కొత్తది నచ్చనివాడికి ఆ నిజం పెద్ద ఓదార్పు కాదు.

ఈ నియమానికి అపవాదం 2014 సెప్టెంబరు 24. ఆ రోజు వచ్చిన ఐఓఎస్ 8.0.1 ఎక్కించుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర గుర్తింపు పోయింది. ఫోనులో ఫోను లక్షణమే పోయి తక్కినవి చాలావరకు మిగిలాయి. ఆపిల్ సుమారు గంటలో దాన్ని ఉపసంహరించి, కంప్యూటరుకు తగిలించి 8.0కు వెనక్కి వెళ్ళండని తానే చెప్పింది, మర్నాడు 8.0.2 వచ్చింది. అప్పటినుంచి మూడో పాదానికి ఇంకో అన్వయం ప్రచారంలో ఉంది. వెనక్కి రాలేవు కాబట్టి, నొక్కకముందే గంటసేపు ఆగి ఊళ్ళో వాళ్ళకేమవుతుందో చూడు అని. వ్యాఖ్యాతకు ఇదే సమ్మతం. కంపెనీలకూ అంతే అనుకోవాలి. పెద్ద ఆండ్రాయిడ్ వెర్షన్లను అందరికీ ఒకేసారి కాక విడతలుగా వదులుతాయి.

ఇక 'పూర్తి' ఎక్కడ అన్నది తేలాలి. గీత నిండటం పూర్తి కాదు. రీస్టార్ట్ అయ్యాకా ఫోటోలను, మెసేజీలను వెతుక్కోవడానికి వీలుగా ఫోను లోలోపల మళ్ళీ సర్దుకుంటుంది. ఆ ఒకటి రెండు రోజుల వేడికీ, చార్జి తరుగుదలకూ తిట్లన్నీ కొత్త వెర్షన్‌కే. రాత్రి చార్జరు పెట్టి, 'నిద్రపోయేటప్పుడు ఎక్కించు' అని నొక్కి పడుకున్నవాళ్ళకు ఇంకో చిక్కు. చాలా ఫోన్లలో, లేచాక యజమాని ఒక్కసారి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి సమాచారం తాళంలోనే ఉంటుంది. వేలిముద్ర చాలదు, ముఖం చాలదు. ఐఫోన్‌లోనైతే పేర్ల జాబితాకూ అదే తాళం. కనుక పొద్దున్నే అత్తగారు ఫోన్ చేస్తే అల్లుడికి కనిపించేవి ఉత్త అంకెలే. ఎవరో లోను ఇస్తామనేవాళ్ళనుకుని, నిద్రమత్తులో "మాకేం అక్కర్లేదమ్మా" అని పెట్టేస్తాడు. నాలుగో పాదానికి అర్థం వాళ్ళమ్మకు విడమరచి చెప్పే పని కూతురిది.