నేను కోరంగి బురదను

నేను కోరంగి మడ అడవి కింద పరచుకున్న బురదను. గోదావరి ఏటేటా మోసుకొచ్చిన ఒండ్రే నా ఒళ్లు. పోటుకు మునుగుతాను, పాటుకు తేలుతాను. గాడేరు, కోరంగి పాయల నీళ్లు నన్ను తడుపుకుంటూ కాకినాడ అఖాతానికి పోతాయి.

పడవెక్కి వచ్చేవాళ్లు పైనున్న మడచెట్లనూ తిల్లచెట్లనూ కళ్లారా చూస్తారు. నా దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకుంటారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన నాదే మరి. లోపల ప్రాణవాయువు లేకపోతేనే ఆ వాసన వస్తుంది. ఆ లేమి వల్లనే మురుగు నీటిని శుభ్రం చేసే గొప్ప పని నేను చేయగలుగుతున్నాను.

డెల్టా చేలల్లో చల్లే యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. పైరుకు పట్టగా మిగిలింది మురుగు కాలువల్లోకి దిగుతుంది. ఊళ్ల మురుగు దానికి తోడవుతుంది. రొయ్యల చెరువుల నీళ్లూ ఇటే వస్తాయి. మేతలోని నత్రజనిలో సగానికి పైగా రొయ్యకు పట్టదు. ఇదంతా సముద్రంలో కలిస్తే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు ఊపిరాడక చస్తాయి.

నాలో గాలి అందేది పైనున్న కొద్ది మిల్లీమీటర్ల పొరకే. అక్కడ కొన్ని బ్యాక్టీరియాలు ఆ మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. దాని కిందనే, గాలి ఆడని చోట, వేరే బ్యాక్టీరియాలు కాచుకుని ఉంటాయి. ప్రాణవాయువు దొరకదు కాబట్టి అవి నైట్రేటుతోనే ఊపిరి తీస్తాయి. అవి వదిలేది మామూలు నత్రజని వాయువు, గాలిలో నూటికి 78 పాళ్లుండేదే. నీటిని పాడుచేయబోయినది బుడగై ఆకాశంలో కలిసిపోతుంది.

పీతల మేలు చెప్పకుండా ఉండలేను. ఒక్కో పీత కలుగు తవ్వుకుంటూ దిగితే దాని గోడల వెంట గాలి నా లోతుల్లోకి వస్తుంది. మడచెట్ల వేళ్లూ అలాగే గాలిని దించుతాయి. గాలి ఉన్న చోటూ లేని చోటూ పక్కపక్కనే ఏర్పడి, ఒకరు తయారుచేసిన నైట్రేటు వెంటనే రెండోవారికి అందుతుంది. పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు నీటి పరుగును తగ్గించి, పని పూర్తయ్యేదాకా దాన్ని నా మీద నిలబెడతాయి.

నా శక్తికీ హద్దుంది. నైట్రేటు మరీ ఎక్కువైతే కొంత నైట్రస్ ఆక్సైడుగా పోయి భూమిని వేడెక్కిస్తుంది.

1978లో ఈ అడవిని అభయారణ్యం చేశారు, నేను బతికాను. డెల్టాలో మరికొన్ని చోట్ల మడలు నరికి, గట్లు కట్టి, చెరువులు తవ్వారు. పోటు ఎక్కని నేల ఉప్పుతేలి బీడైంది. మురుగును శుభ్రం చేసే చోటే మురుగు పుట్టించే చోటైంది. ఆ బాధ నాకు తీరనిది.

పాడుపడిన మడ నేలల్లో కొన్నిచోట్ల అటవీ శాఖవాళ్లూ ఊరివాళ్లూ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటునీరు ఎక్కి ఉప్పు కడుక్కుపోయింది, మడ నారు నిలదొక్కుకుంది. వదిలేసిన రొయ్యల చెరువుల గట్లకూ అలాగే గండ్లు కొట్టండి. మొక్కల సంగతి తర్వాత, ముందు పోటుకు దారివ్వండి.