పొలం తగలబెట్టకండి: అలెగ్జాండర్‌ను ఎదుర్కోబోయే సత్రపులకు సలహాలు

క్రీ.పూ. 334 వేసవి మొదట్లో పర్షియా సేనానులు జెలియా అనే ఊళ్లో కూర్చుని మంతనాలు చేశారు. అప్పటికే మాసిడోనియా రాజు అలెగ్జాండర్ సముద్రం దాటి వచ్చేశాడు. రోడ్స్ దీవి నుంచి వచ్చి పర్షియా కొలువులో చేరిన మెమ్నాన్ ఒక ఉపాయం చెప్పాడు. యుద్ధం వద్దు, వెనక్కి తగ్గుదాం, పోతూ పోతూ పంటలు తగలబెడదాం, ఊళ్లు కూడా మిగల్చొద్దు, తిండి దొరక్క వాడే తిరిగిపోతాడు అన్నాడు. ఆ సీమను ఏలే సత్రపు అర్సిటీస్ ఒప్పుకోలేదు. తన జనం ఇల్లు ఒక్కటి కూడా కాలనివ్వనన్నాడు. గ్రానికస్ ఏటి దగ్గర యుద్ధం జరిగింది, పర్షియా ఓడింది. ఆనాటి నుంచి ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది మెమ్నాన్‌ను మెచ్చుకుని అర్సిటీస్‌ను తెలివితక్కువవాళ్ల జాబితాలో వేస్తున్నారు. నేను మాత్రం అర్సిటీస్ పక్షం. మాసిడోనియా సేన మీ ఏటి దాకా వస్తే ఏం చేయాలో ఆయన వైపు నుంచే చెబుతాను.

అన్నిటికంటే ముందు, పంట జోలికి పోకండి. మెమ్నాన్ లెక్క తప్పని నేననను. అలెగ్జాండర్ ఖజానాలో 70 టాలెంట్లకు మించి లేవని, తిండి 30 రోజులకే ఉందని ప్లూటార్క్ ఎత్తిచూపిన పాత లెక్కలు ఉన్నాయి. ఆకలితో అతణ్ని వెనక్కి పంపడం సాధ్యమే కావచ్చు. కానీ ఆ లెక్కలో రైతు లేడు. గోధుమ చేతికొచ్చే రోజులవి. ఏడాదంతా కాపాడుకున్న చేనుకు పరాయివాడు నిప్పు పెడితే రైతు ఏడుస్తాడు. పన్ను కట్టించుకున్న సత్రపే వచ్చి నిప్పు పెడితే ఎవరికి మొరపెట్టుకుంటాడు? కాపాడతానన్న మాట మీద కదా మీరు పన్ను వసూలు చేసింది! ఓడిపోయినా సరే, ఆ మాట తప్పకండి.

పోరాడాలని తేలాక, ఎదుట ఉన్నదేమిటో చూసుకోండి. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ క్రీ.పూ. 359లో గద్దెనెక్కాక తీర్చిదిద్దిన సేన అది. కాల్బలం చేతిలో సారిస్సా ఉంటుంది. గట్టి కర్రతో చేసిన బల్లెం, అయిదారు మీటర్ల పొడవు, ముందు ఇనుప మొన, వెనక కొసకు మరో ఇనుప పొన్ను. ఒక్క చేత్తో లేవదు. రెండు చేతులూ దానికే కావాలి కాబట్టి డాలు చిన్నది, పట్టీతో మెడకు, భుజానికి తగిలించుకుంటారు. మొదటి అయిదు వరసల మొనలు ముందుకు పొడుచుకొస్తాయి. వెనక వరసలవాళ్లు బల్లేలను ఏటవాలుగా పైకెత్తి పట్టుకుంటారు. మీవాళ్లు వేసిన బాణాలు ఆ కర్రల గుబురులో తగిలి జారిపోతాయి. ఒక్కో దళంలో సుమారు 1,500 మంది, చాలా దళాల్లో ఒకే సీమవాళ్లు. పక్కన నిలబడ్డవాడు ఊరివాడో చుట్టమో అయితే వదిలి పరుగెత్తడం కష్టం. ఫిలిప్ తెలివి బల్లెం పొడుగులో కంటే ఈ పొందికలోనే ఎక్కువగా ఉందని నా నమ్మకం. ఈ కాల్బలం మిమ్మల్ని ముందు నుంచి కదలనివ్వదు. ఈలోగా కుడి పక్క నుంచి రాజు సహచర రౌతులు మేకు దిగినట్టు త్రికోణంగా దూసుకొస్తారు. సుత్తి వాళ్లయితే దాగలి ఈ బల్లేలు.

అందుకే ఏటి గట్టు పట్టుకోండి. ఎగుడుదిగుడు నేల మీద ఆ బల్లేల గోడ బీటలు వారుతుంది. క్రీ.పూ. 333లో ఇస్సస్ దగ్గర పినారస్ ఏరు దాటబోయినప్పుడు అదే జరిగింది. సందు దొరకగానే పర్షియా చక్రవర్తి డేరియస్ కొలువులోని కిరాయి గ్రీకులు చొరబడ్డారు. సెల్యూకస్ కొడుకు టాలెమీ అనే దళపతీ, సుమారు 120 మంది పేరున్న మాసిడోనియన్లూ అక్కడే పడిపోయారు.

అది చూసి ఆ కిరాయి గ్రీకులను గట్టు మీద ముందు నిలబెట్టమంటారు యుద్ధశాస్త్రం తెలిసినవాళ్లు. నేను వద్దంటాను. భూమి మీది, ఉప్పు తిన్నది మీరు, ముందు నిలవాల్సిందీ మీరే. గ్రానికస్ దగ్గర పర్షియా దొరలు తమ గుర్రాలతో గట్టు మీద నిలిచి, కిరాయి కాల్బలాన్ని వెనక ఉంచారు. గుర్రాలు గట్టున ఆగిపోతే వాటి వేగం వృథా అన్న విమర్శ నాకు తెలుసు. అయినా ఆ దొరల పేర్లు తలచుకుంటే నాకు గౌరవమే కలుగుతుంది. నా బాధల్లా ఆ కిరాయివాళ్ల గురించే. గుర్రాలు చెదిరిపోయాక వాళ్లను చుట్టుముట్టి నరికారు. మిగిలిన 2,000 మందిని సంకెళ్లేసి మాసిడోనియాకు వెట్టికి పంపారు. కాబట్టి యుద్ధం ముందు రాత్రే వాళ్ల జీతం చేతిలో పెట్టి ఇళ్లకు పంపేయండి. సేన తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక దెబ్బ తీయాల్సింది ఒక్కడినే. అలెగ్జాండర్‌కు అప్పటికి పిల్లలు లేరు. ముందు పెళ్లి చేసుకుని వారసుణ్ని కని తర్వాత బయల్దేరమని పెద్దలు చెప్పినా వినలేదు. అతను పడితే దండయాత్రే ఆగుతుంది. శిరస్త్రాణం మీది తెల్లని ఈకలను బట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. గ్రానికస్‌లో మనవాళ్లు చేసింది సరిగ్గా ఇదే. అలెగ్జాండర్ బల్లెం విరిగింది, అతని పక్షాన ఉన్న డెమరాటస్ తన బల్లెం ఇచ్చాడు. దాంతో డేరియస్ అల్లుడు మిత్రిడేటీస్‌ను పొడిచాడు. పర్షియా దొర రోసేసీస్ కత్తి దెబ్బకు శిరస్త్రాణం ముక్క ఎగిరిపోయింది. అతణ్నీ పొడిచేలోగా వెనక నుంచి మరో పర్షియా దొర స్పిత్రిడేటీస్ కత్తి ఎత్తాడు. ఆ చెయ్యి కిందికి దిగలేదు. అలెగ్జాండర్ మనిషి క్లైటస్ దాన్ని భుజం దగ్గర నరికేశాడు. చదివిన ప్రతిసారీ ఆ ఎత్తిన చెయ్యి దగ్గర నేను ఆగిపోతాను. ఉపాయం తప్పు కాదు, క్లైటస్‌ను చూసుకునే మనిషి ఒకడు లేకపోవడమే లోటు. అలాంటి మనిషిని పెట్టుకుని మళ్లీ ప్రయత్నించండి.

కొడవళ్లు కట్టిన రథాలను నమ్ముకోకండి. క్రీ.పూ. 331 అక్టోబరు 1న గాగమేలాలో డేరియస్ నేల చదును చేయించి మరీ 200 రథాలు తోలించాడు. అలెగ్జాండర్ సేనలోని అగ్రియాన్ ఈటెగాళ్లు గుర్రాలను కొట్టారు, కాల్బలం పక్కలకు తప్పుకుని దారి ఇచ్చింది, అంతే. అంతకు ముందు రాత్రి, చీకట్లో దాడి జరుగుతుందేమోనని సేనంతటినీ నిద్ర లేకుండా ఆయుధాలతో నిలబెట్టడం మాత్రం నేను క్షమించలేను. నిజానికి రాత్రి దాడి చేద్దామని తన సేనాని పార్మేనియన్ చెబితే అలెగ్జాండర్ కాదన్నాడు. శత్రువు పౌరుషాన్ని నమ్మండి. జనాన్ని పడుకోనివ్వండి.

మీరెక్కిన రథాన్ని మాత్రం వెనక్కి తిప్పకండి. ఇస్సస్‌లో డేరియస్ తల్లినీ భార్యనూ పిల్లలనూ వదిలి వెళ్లిపోయాడు. గాగమేలాలో పర్షియా సేనాని మజేయస్ తన వైపు పార్మేనియన్‌ను ఊపిరాడనివ్వని వేళకే మళ్లీ తిప్పాడు. ఆ మరుసటి ఏడు సొంత మనుషుల చేతుల్లోనే చచ్చాడు. రాజు ఉన్నచోటే ఉండాలి. చావు వస్తే అక్కడే రావాలి.

అర్సిటీస్ గ్రానికస్ నుంచి ప్రాణాలతో బయటపడి, ఓటమి తనవల్లేనని ఆత్మహత్య చేసుకున్నాడని చరిత్రకారుడు ఆరియన్ రాశాడు. అతని స్థానంలో అలెగ్జాండర్ కలాస్‌ను నియమించి, డేరియస్‌కు కట్టిన పన్నే కట్టమన్నాడు. భయంతో కొండలెక్కిన జనం దిగివచ్చి లొంగిపోతే, ఎవరి ఊళ్లకు వాళ్లను పొమ్మన్నాడు. వాళ్లు వెళ్లారు. వెళ్లడానికి ఇళ్లున్నాయి.