పదమూడు కోట్ల వాక్యానికి టీక

అవతారిక. ఐపీఎల్ వేలం ముగిసిన మర్నాటి నుంచి మార్చి నెలాఖరున తొలి బంతి పడేదాకా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో విద్వత్సభలకు విరామం ఉండదు. తెలంగాణ యూనివర్సిటీ బయట టీ కొట్ల దగ్గర ఒక సభ, ఏడో బెటాలియన్ వైపు ఒక సభ, రైల్వే స్టేషన్ బెంచీల మీద మరో సభ. ఉప్పల్ స్టేడియం ఇక్కడికి దాదాపు 160 కిలోమీటర్ల దూరం. అయినా హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ వాళ్లు ఎవరిని కొన్నారు, ఎవరిని వదిలారు అన్న విషయంలో ఈ సభలకున్న పట్టుదల ఉప్పల్ వాసులకైనా ఉందో లేదో. అమెరికాలో ఫుట్‌బాల్ అభిమానులు తమ జట్టు డ్రాఫ్టులో ఎవరిని ఎంచుకుందో తెలిసిన మర్నాడే బడిపిల్లలకు వేసినట్టు ఏ, బీ, సీ అని మార్కులు వేస్తారట. మనవాళ్లు అంత శ్రమ పెట్టుకోరు. ఇక్కడ మార్కులు రెండే: హిట్టు, ఫ్లాపు. ఈ సభల్లో పుట్టిన అపారమైన వాఙ్మయం నుంచి అందరి నోటా నిలిచిన ఒక్క వాక్యాన్ని మాత్రం వ్యాఖ్యానానికి తీసుకుంటున్నాం.

మూలం: “పదమూడు కోట్లు వెట్టి తెచ్చిండ్రు గదనే, ఏం కొట్టిండు వాడు?”

పాఠాంతరం: బోధన్ ప్రతుల్లో “తెచ్చిండ్రు”కు బదులు “పారవోసిండ్రు” అని ఉంది. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ గానుగ ఆగిపోయిన ఊళ్లో కోట్ల మాట ఎత్తితే వచ్చే క్రియ అదే కాబట్టి ఆ పాఠాన్నీ తోసిపుచ్చలేం. కానీ అందులో తీర్పు ముందే వచ్చేసి ప్రశ్నకు చోటు లేకుండా పోతుంది. అందుచేత డిచ్‌పల్లి పాఠమే గ్రాహ్యం. మెదక్ జిల్లా కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడికి ఆ సౌకర్యం లేదు. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

టీక. “వాడు” అనే సర్వనామం ఇక్కడ ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్‌ను సూచిస్తుంది. 2022 డిసెంబరు 23న కొచ్చి వేలంలో హైదరాబాద్ అతన్ని 13.25 కోట్లకు కొన్నది. మూలకారుడు పాతిక లక్షలు వదిలేశాడు. అది ఛందోనియమం కోసమనుకుందాం. అసలు విచారించవలసింది ఈ 13.25 ఎక్కడి నుంచి ఊడిపడిందన్నది. వినేవాడు అది బ్రూక్ విలువ అనుకుంటాడు. కాదు, అది రాజస్థాన్ రాయల్స్ జేబు లోతు. ఆ రోజు రాజస్థాన్ 13.20 కోట్లతో వేలానికి వచ్చింది. పాట పెంచుతూ పెంచుతూ 13 కోట్ల దాకా పాడింది, అక్కడ సంచి అడుగు తగిలి ఆగింది. హైదరాబాద్ చేతిలో 42.25 కోట్లున్నాయి, ఆ వేలంలో అన్నింటికంటే పెద్ద సంచి అదే. ఇంకో పాతిక లక్షలు వేసి పాట ముగించింది. రాజస్థాన్ దగ్గర ఎనిమిది కోట్లే ఉండి, ఇంకెవరూ గట్టిగా పాడకపోతే ఇదే బ్రూక్ ఎనిమిదింపావుకు వచ్చేవాడు. అప్పుడు మన మూలమే పుట్టేది కాదు. మనిషి అతడే, బ్యాటు అదే, కొట్టబోయే పరుగులూ అవే. మారేది పక్కవాడి జేబు. అంటే మూలంలోని మొదటి సగం బ్రూక్ గురించి చెప్పేది చాలా తక్కువ.

ఇక “ఏం కొట్టిండు” అన్న రెండో సగం. సమాధానం లెక్కల్లో ఉంది. 2023 సీజన్లో బ్రూక్ 11 మ్యాచుల్లో 190 పరుగులు చేశాడు. అందులో ఏప్రిల్ 14న ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కతా మీద కొట్టిన అజేయ శతకాన్ని తీసేస్తే మిగతా మ్యాచులన్నింటికీ కలిపి మిగిలేది 90. హైదరాబాద్ పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. కాబట్టి మూలకారుడి కోపానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. అయితే అదే రోజు, అదే హాల్లో, అదే బల్ల దగ్గర కూర్చున్న అదే మనుషులు హెన్రిక్ క్లాసెన్‌ను 5.25 కోట్లకు కొన్నారు. అతడు ఆ సీజన్లో 448 పరుగులు చేశాడు. బ్రూక్‌ను చూసి వాళ్లను మూర్ఖులనే వారు క్లాసెన్‌ను చూసి మేధావులనక తప్పదు. ఒకే మధ్యాహ్నం ఒకే బుర్ర మూర్ఖంగానూ మేధావిగానూ ఉండటం యోగశాస్త్రంలో సాధ్యమేమో గానీ వేలం శాస్త్రంలో కుదరదు. అందువల్ల ఫలితాన్ని పట్టుకుని కొనుగోలు తెలివిని కొలిచే పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంది.

ఇక్కడ అధ్యాహారం అవసరం. వాక్యంలో పైకి కనపడకుండా లోపించిన భాగాన్ని వ్యాఖ్యాత పూరించాలి. మూలంలో ఉన్న అంగాలు రెండు: పెట్టిన ధర, వచ్చిన ఫలం. లోపించిన మూడోది: పాట ముగిసిన క్షణాన, అప్పటికి తెలిసిన సంగతులతో, అవే డబ్బులకు ఇంకెవరు దొరికేవారు? నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొనే వ్యాపారి కొమ్ము విరిచి రంగు చూసి ధర పాడతాడు. నెల తర్వాత సాంగ్లీలో రేటు పడిపోతే అతడు నష్టపోతాడు నిజమే. కానీ అతనికి పసుపు చూడటం వచ్చా రాదా అన్నది ఆ నష్టం చెప్పదు. ఆ ఉదయం యార్డులో పక్క రాశులు ఏ నాణ్యతవి, ఏ ధరకు పోయాయన్నదే చెబుతుంది. బ్రూక్ విషయంలో ఆ ఉదయం తెలిసినదేమిటి? అప్పటికి మూడు రోజుల ముందే ముగిసిన పాకిస్తాన్ టెస్టు సిరీస్‌లో అతడు మూడు టెస్టుల్లో మూడు శతకాలు బాదాడు. పక్క రాశులేమిటి? సామ్ కరన్ 18.50 కోట్లు, కామెరాన్ గ్రీన్ 17.50 కోట్లు, బెన్ స్టోక్స్ 16.25 కోట్లు. అంటే 13.25 ఆ సంతలో చుక్కల్లో ఉన్న ధరేమీ కాదు. ఇంకో చిత్రం: 16.25 కోట్ల స్టోక్స్ చెన్నైకి ఆ సీజన్లో ఆడింది రెండే మ్యాచులు, చేసింది 15 పరుగులు. చెన్నై కప్పు గెలిచింది కాబట్టి అక్కడ ఆ మాట ఎత్తేవాడు లేడు. పరుగుకింత అని లెక్కేస్తే బ్రూక్ కంటే ఎన్నో రెట్లు ప్రియమైన సరుకు అది!

పూర్వపక్షం. “ఇదంతా గాలి కబుర్లే కాకా. ఆట అంటే స్కోరుబోర్డు. కొట్టినోడు హిట్టు, కొట్టనోడు ఫ్లాపు. అంతే.” ఈ పక్షం బలమైనదే, ఎందుకంటే దీన్ని అర్థం చేసుకోవడానికి శ్రమ అక్కర్లేదు. దీనికి సమాధానం మిచెల్ స్టార్క్. 2023 డిసెంబరు 19న దుబాయ్‌లో కోల్‌కతా అతన్ని 24.75 కోట్లకు కొన్నది. 2024 మార్చి 23న తొలి మ్యాచులోనే మన క్లాసెన్, మన జట్టు కలిసి అతని నాలుగు ఓవర్లలో 53 పరుగులు పిండారు, వికెట్ ఒక్కటీ ఇవ్వలేదు. రెండో మ్యాచులో 47 పరుగులు, అప్పుడూ సున్నా వికెట్లే. ఏప్రిల్లో డిచ్‌పల్లి సభలు అతన్ని ఏమన్నాయో ఇక్కడ రాయడానికి వీల్లేదు. మే నెలలో తొలి క్వాలిఫయర్లో అదే స్టార్క్ ట్రావిస్ హెడ్‌ను సున్నాకు బౌల్డ్ చేసి మూడు వికెట్లు తీశాడు. చెన్నైలో జరిగిన ఫైనల్లో రెండు తీశాడు, మనం 113కు కుప్పకూలాం. ఇప్పుడు అతడు కారుచౌక. కొనుగోలు ఒక్కటే, అది డిసెంబరులోనే అయిపోయింది. మార్చి, ఏప్రిల్, మే నెలలు తిరిగి దుబాయ్ వెళ్లి ఆ పాటను మార్చలేవు. స్కోరుబోర్డు చెప్పేది స్టార్క్ ఆట సంగతి. అతన్ని కొన్నవాడి తెలివి దానికి తెలియదు.

అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్టు ఇదే మాటను ఇంకా నిర్దాక్షిణ్యంగా రుజువు చేస్తుంది. అక్కడ పాట ఉండదు, వరుస ఉంటుంది. ఒక్కో జట్టు వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరిని ఎంచుకుంటుంది. 2000లో 199వ వంతులో న్యూ ఇంగ్లండ్ ఎంచుకున్న టామ్ బ్రేడీ తర్వాత ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఆ ఎంపికను ఇప్పటికీ దివ్యదృష్టి అని పొగుడుతారు. కానీ ఆ దివ్యదృష్టి గలవాళ్లే అతని కంటే ముందు మరో ఆరుగురిని ఎంచుకున్నారు. అతని సంగతి నిజంగా తెలిసి ఉంటే ఆరుసార్లు దాటేసేవారా? కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ డ్రాఫ్టు లెక్కలన్నీ తవ్వి చూశారు. వీరిలో థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, వెనువెంటనే తర్వాత ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం ఎంతని చూస్తే నూటికి 52 తేలింది. కోట్ల డాలర్లు, వందల మంది నిపుణులు, ఏడాది పొడవునా పరిశీలన, అన్నీ కలిసి నాణెం ఎగరేసిన దానికి రెండు శాతం పైన చేరాయి. డిచ్‌పల్లి స్టేషన్ బెంచీకి ఇంతకంటే ఊరట ఏముంటుంది?

రెండో పూర్వపక్షం ఇంకా పదునైనది. “అట్లయితే ఎవ్వన్నీ తిట్టరాదు. ఏం కొన్నా అప్పటికి గదే తెలుసు అంటరు. తప్పు చేసినోనికి తప్పించుకునే తొవ్వ జూపిస్తున్నవ్ నువ్వు.” కాదు. మూడో అంగాన్ని పూరించి చదివితే తిట్లు ఆగవు, సరైన గుమ్మానికి చేరతాయి. 2024 నవంబరు 24న జెడ్డాలో సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని 10 కోట్లకు కొన్నది. మరుసటి సీజన్లో అతడు 9 మ్యాచుల్లో 6 వికెట్లు తీశాడు. ఆ అంకెలు పక్కన పెట్టండి, వాటితో పని లేదు. జెడ్డాలో ఆ రోజు తెలిసినదేమిటి? అతనికి 34 ఏళ్లు నిండాయి. 2023 ప్రపంచకప్ ఫైనల్ తర్వాత కాలి శస్త్రచికిత్సతో దాదాపు ఏడాది మైదానానికి దూరంగా ఉన్నాడు. తిరిగి వచ్చి రంజీ ఆడింది ఆ నవంబరులోనే. మరోవైపు, 2023 ఐపీఎల్లో 28 వికెట్లతో అందరికంటే ముందు నిలిచినవాడన్నదీ తెలుసు. పేరు గొప్పది, కాలు అనుమానం. అనుమానం ఉన్న సరుకుకు ధర తగ్గాలి. 10 కోట్లలో ఆ తగ్గింపు కనపడదు. పైగా హైదరాబాద్ ఐదుగురిని అట్టిపెట్టుకోవడానికే 75 కోట్లు ఖర్చు చేసి, 45 కోట్లతో వచ్చింది. అదే గుంపులో షమీ తర్వాత మరో పేసర్ సిరాజ్ పాటకు రావాల్సి ఉంది. కాబట్టి ఆ కొనుగోలును వేలం రోజు సాయంత్రమే, ఒక్క బంతీ పడకముందే తప్పుపట్టవచ్చు. ఆ సాయంత్రం పట్టనివాడికి మే నెలలో పట్టే అధికారం సగమే.

సిరాజ్ పేరు వచ్చింది కనుక మూడో పక్షం కూడా వినక తప్పదు: “మనోన్ని ఎందుకు తీస్కోలే?” హైదరాబాద్ కుర్రాడు, 2017లో 2.60 కోట్లతో అతన్ని తొలిసారి ఐపీఎల్‌కు తెచ్చింది సన్‌రైజర్సే. జెడ్డాలో గుజరాత్ 12.25 కోట్లకు ఎగరేసుకుపోయింది. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లోనే అతడు 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి మనల్ని ఓడించాడు. బాధే. అయినా ఈ బాధను కొనుగోలు తీర్పులో కలపకూడదు. మనవాడు కావడం ప్రేమకు కారణం, ధరకు కాదు. మనవాళ్ల మీద నిజంగా అంత ప్రేమ ఉంటే నిజామాబాద్ జిల్లా నుంచే వెళ్లి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరిన ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య పేరు ఈ సభల్లో ఇంకొంచెం తరచుగా వినపడేది. ఆమెకు వేలం లేదు, కోట్లు లేవు, అందువల్ల వ్యాఖ్యాతలూ లేరు.

ఇంతకీ సన్‌రైజర్స్ అసలు దోషం ఎక్కడుంది? ఒక్క పాటలో వెతికితే దొరకదు, అదృష్టం అడ్డొస్తుంది. ఏళ్ల వరుసలో చూడాలి. 2022లో నికొలస్ పూరన్‌ను 10.75 కోట్లకు కొన్నారు, అతడు 306 పరుగులు చేశాడు, ఏడాదికే వదిలేశారు. లక్నో 16 కోట్లకు ఎత్తుకుంది. 2024లో 499, 2025లో 524 పరుగులు లక్నో ఖాతాలో పడ్డాయి. బ్రూక్‌నూ ఏడాదికే వదిలేశారు. షమీనీ ఏడాదికే లక్నోకు పంపేశారు. బ్రూక్‌ను వదలడం వల్ల నష్టమేమీ రాలేదు, నిజమే. ఆ తర్వాత ఢిల్లీ అతన్ని రెండుసార్లు కొంటే రెండుసార్లూ రానన్నాడు. అయినా వరుస మాత్రం వరుసే. దీనికి ఎదురుగా నితీశ్ కుమార్ రెడ్డిని నిలబెట్టండి. బ్రూక్‌తో పాటు అదే వేలంలో 20 లక్షలకు వచ్చిన విశాఖ కుర్రాడు తొలి ఏడాది ఆడింది రెండు మ్యాచులే. మూలకారుడి కొలతతో కొలిస్తే అతడూ ఫ్లాపే. ఉంచారు, 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం తెచ్చాడు. ఒక్క సీజన్ చూసి తీర్పు చెప్పే అలవాటు డిచ్‌పల్లి బెంచీది అనుకున్నాం గానీ, అది యాజమాన్యం బల్ల దగ్గరా ఉంది. బెంచీ మీద ఆ అలవాటుకు ఖర్చయ్యేది ఒక టీ.

తాత్పర్యం. “అన్నా, కొచ్చిల గా దినం మన దగ్గర నలభై రెండు కోట్ల పైన పైసలుండంగ, పాకిస్తాన్ల మూడు సెంచరీలు గొట్టి మూడొద్దులన్న గాని పొల్లగాన్ని, రాజస్తానోళ్లు జేబు దులిపి పదమూడు కోట్లన్నంక ఇంకో పాతిక లక్షలేసి తెచ్చిండ్రు గదనే, గా పైసలకు గసుంటోడు గప్పుడు ఇంకెవడు దొర్కుతుండెనో జెర చెప్పు, ఆన్క వాడు ఏం కొట్టిండో అడుగుదాం.” ఇంత వాక్యం అనేలోపు టీ చల్లారుతుంది. అందుకే మూలకారుడు సంగ్రహించాడని తెలియాలి.

విశేషం. 2025 డిసెంబరు 16న అబుదాబి వేలంలో లియామ్ లివింగ్‌స్టన్ పేరు మొదటిసారి పిలిచినప్పుడు 2 కోట్ల కనీస ధరకు కూడా ఏ జట్టూ చేయి ఎత్తలేదు. అదే రోజు మలి విడతలో మళ్లీ పిలిస్తే సన్‌రైజర్స్ అతన్ని 13 కోట్లకు కొన్నది. ఆ రెండు పిలుపుల మధ్య అతడు ఒక్క బంతీ ఆడలేదు. మధ్యలో ఏ జట్టు సంచిలో ఎంత మిగిలింది, ఏయే పేర్లు అప్పటికే అమ్ముడైపోయాయి అన్న పట్టిక ముందు పెట్టుకుని ఆ పాటను పరిశీలించవలసి ఉంది. డిచ్‌పల్లి సభలు మాత్రం లివింగ్‌స్టన్ ఏం కొడతాడో చూద్దామని కూర్చున్నాయి.